రొయ్య కణంలో జబ్బు చిరునామా

నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యల గుంటల దగ్గర ఎక్కువగా వినిపించే జబ్బుల పేర్లు రెండు. ఒకటి వైట్ స్పాట్, ఇంకోటి ఈహెచ్‌పి (ఎంటెరోసైటోజూన్ హెపటోపెనై). మొదటిది తగిలితే మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం ఖాళీ అయిపోవచ్చు. రెండోది అలా చంపదు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలోకి వస్తూనే ఉంటాయి, మేత తింటూనే ఉంటాయి, ఏరేటర్ల కరెంటు బిల్లు పెరుగుతూనే ఉంటుంది. కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క, మాత్రం కదలదు. ఒకే రోజు వదిలిన పిల్లల్లో కొన్ని వేలెడంత ఎదిగితే, కొన్ని అందులో సగం దగ్గరే ఆగిపోతాయి. పట్టుబడి రోజున లెక్క చూసుకుంటే రెండు జబ్బులూ నష్టమే. ఒకటి టెన్షన్‌ని వారంలో తేల్చేస్తుంది, ఇంకోటి నెలలు సాగదీస్తుంది.

ఇంత తేడా ఎందుకు అంటే ఒకటి వైరస్, ఇంకోటి మైక్రోస్పోరిడియా అనే సూక్ష్మ పరాన్నజీవి అన్న జవాబు వస్తుంది. అది పేర్లు చెప్పడమే తప్ప కారణం చెప్పడం కాదు. నెమ్మదిగా నడిచే వైరస్‌లు ఉన్నాయి, త్వరగా చంపే పరాన్నజీవులూ ఉన్నాయి. కారణంలో పెద్ద భాగం అవి ఎక్కడ ఉంటాయన్న దాంట్లోనే ఉంది. వైట్ స్పాట్ వైరస్ కణం కేంద్రకంలో కూర్చుంటుంది. ఈహెచ్‌పి కేంద్రకం జోలికి పోకుండా దాని చుట్టూ ఉన్న కణద్రవ్యంలో కూర్చుంటుంది. పైగా రెండూ ఎంచుకునే కణాలే వేరు. గుంట నీటిలోనో, రొయ్య పెంకు మీదనో కనిపించేదాంట్లో చాలావరకు ఈ చిరునామా తేడా వల్ల వచ్చేదే. ఆ చిరునామాను స్పష్టంగా చూపించింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు.

మామూలు మైక్రోస్కోపు ఎక్కడ ఆగిపోతుంది

తీరం వెంట ఆక్వా ల్యాబుల్లో ఉండేది కాంతితో పనిచేసే మైక్రోస్కోపు. దానికి ఒక హద్దు ఉంది. రెండు చుక్కల మధ్య దూరం సుమారు 200 నానోమీటర్ల కన్నా తక్కువైతే అవి రెండుగా కనిపించవు, కలిసిపోయి ఒక మసకగా కనిపిస్తాయి. ఇది అద్దాల నాణ్యత వల్ల వచ్చే లోపం కాదు. కాంతి తరంగదైర్ఘ్యమే అంతకన్నా సన్నగా చూడనివ్వదని 1873లోనే జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఆబే లెక్కగట్టాడు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు.

ఈ హద్దును పక్కన పెట్టుకుని రెండు జబ్బులనూ చూస్తే ల్యాబు రిపోర్టులు ఎందుకు అలా ఉంటాయో అర్థమవుతుంది. ఈహెచ్‌పి స్పోరు (గట్టి గోడతో ఉండి జబ్బును సోకించే దాని రూపం) పొడవు సుమారు 1.1 మైక్రాన్లు, అంటే 1,100 నానోమీటర్లు. వెడల్పు సుమారు 700. హద్దుకు పైనే ఉంది కాబట్టి, రొయ్య లివర్ ముక్కను స్లైడు మీద రుద్ది, రంగు వేసి, వెయ్యి రెట్లు పెద్దది చేస్తే చిన్న గింజలాంటి చుక్కగా కనిపిస్తుంది. లోపల ఏముందో మాత్రం తెలియదు. వైట్ స్పాట్ వైరస్ పొడవు 250 నుంచి 380 నానోమీటర్లు, వెడల్పు 80 నుంచి 120. ఆ మైక్రోస్కోపులో వైరస్ ఆకారం ఏదీ తేలదు. కనిపించేది వైరస్ చేసిన నష్టం, అంటే ఉబ్బిపోయిన కేంద్రకం. అందుకే వైట్ స్పాట్‌కి అందరూ నేరుగా డీఎన్ఏను పట్టే పీసీఆర్ టెస్టుకు పోతారు.

ఎలక్ట్రాన్లు ఈ హద్దును దాటించాయి. లక్ష వోల్టులతో పరుగెత్తించిన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం సుమారు 0.0037 నానోమీటర్లు. 1931లో బెర్లిన్‌లో మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రుస్కా అయస్కాంత కటకాలతో ఎలక్ట్రాన్ పుంజాన్ని ఒడిసిపట్టి మొదటి పరికరం కట్టారు. రుస్కాకు నోబెల్ వచ్చింది 1986లో, దాదాపు ఎనభై ఏళ్ల వయసులో. నోబెల్ కమిటీల నిదానం గురించి చెప్పాలంటే ఈ ఒక్క ఉదాహరణ చాలు. మన దేశంలో 1940లలో కలకత్తాలో ఎన్.ఎన్. దాస్‌గుప్తా సొంతంగా ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తయారు చేశాడు.

పరికరం వచ్చినంత మాత్రాన కణం కనిపించలేదు. ఎలక్ట్రాన్లు గాలిలో ప్రయాణించలేవు, గాలి తీసేసిన గొట్టం కావాలి. అక్కడ తడి కణం పెడితే నీరంతా ఆవిరైపోయి కణం చిట్లిపోతుంది. మందంగా ఉంటే ఎలక్ట్రాన్లు దాటిపోలేవు. 1945లో కీత్ పోర్టర్, ఆల్బర్ట్ క్లాడ్, ఎర్నెస్ట్ ఫుల్లమ్ మొట్టమొదటిసారి పూర్తి కణం బొమ్మ తీయగలిగారంటే, గాజు మీద పెంచినప్పుడు అంచుల్లో పల్చగా పరుచుకునే కోడిపిల్ల పిండ కణాలను ఎంచుకోవడం వల్లే. లివర్ లాంటి మందమైన అవయవాన్ని చూడాలంటే పల్చగా కోయాలి. 1950లో గాజు పలక విరిచిన అంచును కత్తిగా వాడొచ్చని తేలింది, ఆ తర్వాత కొద్ది ఏళ్లకు వజ్రపు కత్తి వచ్చింది. ఇప్పటికీ ఆ రెండే. కోసే ముక్క మందం 60 నుంచి 90 నానోమీటర్లు.

బతికున్న రొయ్య నుంచి లోహపు బొమ్మ దాకా

రైతులు లివర్ అని పిలిచే అవయవం రొయ్య తల భాగంలో, పెంకు కింద ఉంటుంది. శాస్త్రంలో హెపటోపాంక్రియాస్ అంటారు. మనకు కాలేయం, క్లోమం, పేగు కలిసి చేసే పనుల్లో చాలావాటిని రొయ్యకు ఇదొక్కటే చేస్తుంది. జీర్ణరసాలు నిండిన అవయవం కాబట్టి రొయ్య చచ్చిన క్షణం నుంచే తనను తాను అరిగించుకోవడం మొదలుపెడుతుంది. ఐసు పెట్టి చెన్నైకి పంపిన రొయ్య లివర్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు పనికిరాదు. లోపలి పొరలన్నీ అప్పటికే చెదిరిపోయి ఉంటాయి, ఆ చెదురు జబ్బు వల్ల వచ్చిందా చావు వల్ల వచ్చిందా అని ఎవరూ తేల్చలేరు. ఆల్కహాల్‌లో వేసిన ముక్క పీసీఆర్‌కి బాగుంటుంది కానీ ఇక్కడ దానికీ విలువ లేదు. బతికున్న రొయ్యనే గుంట గట్టు మీద కోసి, మిల్లీమీటరు ముక్కను అప్పటికప్పుడే గ్లుటరాల్డిహైడ్‌లో వేయాలి.

గ్లుటరాల్డిహైడ్ ప్రోటీన్లను ఒకదానికొకటి కట్టిపడేస్తుంది. తర్వాత ఆస్మియం టెట్రాక్సైడ్ కొవ్వు పొరలను పట్టుకుంటుంది. ఆపైన ఆల్కహాల్‌తో నీరంతా లాగేసి, ఆ చోటంతా ఎపాక్సీ రెసిన్‌తో నింపి, పొయ్యి వేడికి గట్టిపరుస్తారు. కోసిన ముక్కలకు యురేనియం, సీసం లవణాలు పట్టిస్తారు. ఎలక్ట్రాన్లు ఈ బరువైన లోహాలకు తగిలి చెదిరిపోతాయి, అక్కడ నలుపు పడుతుంది. లోహం లేని చోటు తెల్లగా ఉంటుంది. అంటే తెర మీద కనిపించేది కణం కాదు, కణంలో లోహాలు ఎక్కడెక్కడ అతుక్కున్నాయో చూపించే పటం. ఈ విషయం మరిచిపోతే ఈ బొమ్మలను తప్పుగా చదవడం ఖాయం. పత్రికల్లో వచ్చే ఊదా, ఆకుపచ్చ కణాల బొమ్మల రంగులు తర్వాత కంప్యూటర్‌లో వేసినవే.

ఇంకో చిక్కు కోత వల్ల వస్తుంది. ఉలవపాడు మామిడి పండును ఒక్కసారి మాత్రమే పల్చగా కోయనిచ్చి, ఆ ముక్కను చూసి పండు గురించి చెప్పమంటే, కత్తి పక్కగా పోయినవాడు మామిడికి టెంకె ఉండదంటాడు. 20 మైక్రాన్ల కణాన్ని 70 నానోమీటర్ల మందంతో పూర్తిగా కోస్తే దాదాపు మూడు వందల ముక్కలు వస్తాయి. సాధారణంగా చూసేది వాటిలో ఒకటి రెండు. కేంద్రకం లేని ముక్క దొరికితే కేంద్రకం లేని కణమని కాదు. కోడిగుడ్డు ఆకారపు మైటోకాండ్రియాగా కనిపించింది నిజానికి పొడవాటి గొట్టానికి అడ్డకోత కావచ్చు. అనుభవం ఉన్నవాళ్లు ఒక్క బొమ్మ చూసి తీర్పు చెప్పరు.

ఆరోగ్యంగా ఉన్న కణం

జబ్బు తెలియాలంటే ముందు ఆరోగ్యం తెలియాలి. హెపటోపాంక్రియాస్ అంటే ఒక చివర మూసుకుపోయిన వందల సన్నటి గొట్టాల కట్ట. ఒక్కో గొట్టం గోడ ఒకే వరుస కణాలతో కట్టి ఉంటుంది. మూసుకున్న చివర్లో విభజన చెందుతూ కొత్త కణాలను పుట్టించే కణాలు ఉంటాయి, వాటిని ఈ-కణాలంటారు. అవి గొట్టం వెంట ముందుకు జరుగుతూ ముదిరి మూడు రకాల పనుల్లో స్థిరపడతాయి. జీర్ణరసాలు తయారు చేసేవి ఎఫ్-కణాలు. తిన్నదాన్ని పీల్చుకుని కొవ్వుగా, గ్లైకోజెన్‌గా దాచేవి ఆర్-కణాలు. కణాన్నంతా ఆక్రమించే ఒక్క పెద్ద బుడగతో ఉబ్బి ఉండేవి బీ-కణాలు. 1920ల చివర్లో కాంతి మైక్రోస్కోపుతోనే ఈ నాలుగు రకాలనూ విడదీశారంటే ఆనాటివాళ్ల ఓపికను మెచ్చుకోవాలి.

ఎఫ్-కణంలో వాళ్లకు నారల్లాంటి చారలు కనిపించాయి. అవేమిటో తేల్చింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. అవి నారలు కావు, ఒకదాని మీద ఒకటి పేర్చిన చదునైన పొర సంచులు, వాటి బయటి వైపు అంతటా 25 నానోమీటర్ల చుక్కలు. సంచులు ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్, చుక్కలు రైబోజోములు. 1950లలో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో జార్జ్ పలాడే ఈ చుక్కలను మొదట స్పష్టంగా వర్ణించాడు. గినీ పంది క్లోమ కణాల్లో రేడియోధార్మిక అమైనో ఆమ్లం ఎక్కించి, నిమిషాల తేడాతో ముక్కలు కోసి చూస్తూ, కొత్తగా తయారైన ప్రోటీను ముందు ఈ చుక్కల సంచుల్లో, తర్వాత గాల్జీ అనే ఇంకో సంచుల దొంతరలో, ఆ తర్వాత నిల్వ గుళికల్లో కనిపిస్తుందని ఆయన బృందం చూపించింది. బొమ్మ కదలదు. కానీ వేర్వేరు సమయాల్లో ఆపిన బొమ్మలను వరుసగా పెడితే కదలిక తెలుస్తుంది. 1974 నోబెల్ ఆయనకు, క్లాడ్‌కు, క్రిస్టియన్ డి డ్యూవ్‌కు కలిపి ఇచ్చారు. క్లోమ కణంలో చూసిన ఆ దారి రొయ్య ఎఫ్-కణంలోనూ అదే. చెక్ ట్రేలో వేసిన మేత రెండు గంటల్లో మాయమై అరిగిపోతోందంటే, ఈ సంచుల్లో తయారైన ఎంజైములే కారణం.

ఆర్-కణంలో చూపు మొదట కొవ్వు బొట్ల మీద పడుతుంది. గుండ్రంగా, చుట్టూ పొర జంట లేకుండా, కొన్నిసార్లు కణంలో సగం నింపేసి ఉంటాయి. రొయ్యకు ఇవి బ్యాంకు డిపాజిట్లు. కుబుసం విడిచే సమయంలో మేత తినదు, ఆ కొన్ని గంటలు, కొత్త పెంకు గట్టిపడే దాకా, బండి నడిచేది ఈ నిల్వ మీదే. గొట్టం లోపలి వైపు తిరిగిన అంచున వేల సంఖ్యలో మైక్రోవిల్లై, అంటే సన్నటి వేళ్లలా పొడుచుకొచ్చిన పొర మడతలు, ఉంటాయి. ఒక్కోటి పదో వంతు మైక్రాను వెడల్పు. తిన్నది పీల్చుకునే ఉపరితలం ఇదే. వీటి కింద మైటోకాండ్రియా దట్టంగా ఉంటాయి. పీల్చుకోవడానికి శక్తి కావాలి కదా. ఈహెచ్‌పి కథలో ఈ మూడింటికీ, అంటే కొవ్వు బొట్లకు, మైక్రోవిల్లైకి, మైటోకాండ్రియాకు, మళ్లీ రావాల్సి ఉంటుంది.

వీటన్నిటినీ విడదీసేది పొర. మందం 7 నుంచి 8 నానోమీటర్లు. ముక్కలో రెండు నల్ల గీతలు, మధ్యలో తెల్ల సందు. ఆ తెల్ల సందులో ఏముందో 1966లో డేనియల్ బ్రాంటన్ చెప్పాడు. కణాన్ని గడ్డకట్టించి పగలగొడితే పగులు పొర పక్క నుంచి కాదు, సరిగ్గా పొర మధ్యలోంచే పోతుందని, పొర రెండు సగాలుగా విడిపోతుందని ఆయన చూపించాడు. ఆ పగిలిన ముఖాల మీద బుడిపెల్లా కనిపించినవి పొరలో దిగబడి ఉన్న ప్రోటీన్లు.

ఇక్కడ ఉమ్మడి నెల్లూరు జిల్లాకు సంబంధించిన ఒక మాట చెప్పకుండా ఉండలేం. గూడూరు, సైదాపురం, రాపూరు వైపు భూమిలోంచి తీసిన మైకా ఒకప్పుడు ప్రపంచమంతా పోయేది, కొంచెం పచ్చ ఛాయ ఉండే నెల్లూరు మైకాకు ప్రత్యేకమైన పేరు. ఇదీ పొరలుగానే చీలుతుంది, ఒక్కో పొర మందం సుమారు ఒక నానోమీటరు. అప్పుడే చీల్చిన మైకా ముఖం అణువుల స్థాయిలో చదునుగా ఉంటుంది. అందుకే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పనిలో దాని అవసరం పడింది. మైకా మీద కార్బన్ ఆవిరి పట్టించి, మెల్లగా నీళ్లలోకి దించితే కార్బన్ పొర ఊడి తేలుతుంది. దాన్ని రాగి జల్లెడ మీద ఎత్తుకుని నమూనాకు ఆసరాగా వాడతారు. విడి ప్రోటీన్లను, డీఎన్ఏ పోగులను మైకా మీద పరిచి, ప్లాటినం నీడ పట్టించి బొమ్మ తీసే పద్ధతి 1950ల నుంచే ఉంది. జిల్లా స్కూళ్లలో మైకా పాఠం ఇస్త్రీపెట్టెతోనే ఆగిపోవడం చిన్న వెలితి.

కేంద్రకంలో కూర్చున్నది

1994లో నెల్లూరు టైగర్ రొయ్య గుంటలను ఊడ్చేసిన వైట్ స్పాట్ జబ్బు అప్పటికి రెండేళ్ల ముందే తూర్పు ఆసియాలో మొదలైంది. దేశదేశాల ల్యాబులు చచ్చిపోతున్న రొయ్యల మొప్పలను, పెంకు కింది చర్మ కణాలను కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టాయి. అందరికీ కనిపించింది ఒకటే. మామూలుగా కణంలో ఒక భాగంగా ఉండాల్సిన కేంద్రకం ఉబ్బి కణమంతా ఆక్రమించింది. డీఎన్ఏ ఉండే క్రొమాటిన్ అంచులకు నెట్టబడి నల్లటి గీతలా మిగిలింది. మధ్యలోని ఖాళీ అంతా కడ్డీ ఆకారపు వైరస్‌లు. అడ్డంగా కోసుకున్నవి చుట్ల వలయాల్లా, నిలువుగా కోసుకున్నవి కడ్డీల్లా. కొన్నిటికి ఒక చివర సన్నటి తోక. కొన్నిటి లోపలి గుల్ల మీద అడ్డ చారలు. తొడుగు వేసుకున్నవి, ఇంకా వేసుకోనివి పక్కపక్కనే. అంటే వైరస్ డీఎన్ఏ నకళ్లు తీయడం, గుల్ల కట్టడం, పొర తొడుక్కోవడం, అన్నీ కేంద్రకంలోనే జరిగిపోతున్నాయి.

చిరునామా ఎంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. కణం ఏ ప్రోటీను చేయాలో నిర్ణయించేది కేంద్రకం. అందులోనే వైరస్ ఫ్యాక్టరీ వెలిస్తే కణం తన పని చేసుకోవడానికి, దెబ్బతిన్నదాన్ని బాగు చేసుకోవడానికి ఆదేశాలు ఇచ్చేవారు ఉండరు. చివరికి కేంద్రక పొర, కణ పొర రెండూ చిట్లుతాయి. ఈ వైరస్ పట్టుకునే కణాలు ఒక అవయవానికి పరిమితం కావు. మొప్పలు, చర్మం, రక్తకణాలు పుట్టే కణజాలం, లింఫాయిడ్ అవయవం, అవయవాల మధ్య ఉండే సంధాయక కణజాలం, అన్నీ. పిండ దశలో బయటి పొర, మధ్య పొర నుంచి పుట్టినవన్నీ దీనికి ఇల్లే. ఒంట్లో ఇన్ని చోట్ల ఒకేసారి కణాలు చిట్లుతుంటే రొయ్య వారం కూడా నిలవదు. పెంకు మీద కనిపించే తెల్ల మచ్చలు వైరస్ ముద్దలు కావు, చర్మ కణాలు దెబ్బతిని కాల్షియం లవణాలు పేరుకుపోవడం వల్ల వచ్చేవి. వనామీ రకం రొయ్యల్లో చాలాసార్లు మచ్చ కనపడకుండానే గుంట పోతుంది.

విచిత్రం ఏమిటంటే, ఈ వైరస్ తాకని చోటు హెపటోపాంక్రియాస్ గొట్టాల కణాలు. అవి లోపలి పొర నుంచి పుట్టినవి. ఈహెచ్‌పి పట్టుకునేది సరిగ్గా వాటినే.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తప్పుదోవ పట్టించింది కూడా ఈ వైరస్ విషయంలోనే. కేంద్రకంలో కడ్డీ ఆకారం, చుట్టూ తొడుగు. అచ్చం పురుగుల్లో కనిపించే బాక్యులో వైరస్‌లా ఉంది. అలాగే పేరు పెట్టేశారు, ఒక్కో దేశం ఒక్కో పేరుతో. 2001లో సుమారు మూడు లక్షల అక్షరాల దాని డీఎన్ఏ పూర్తిగా చదివాక తేలింది, బాక్యులోలతో దానికి బంధుత్వం లేదు, కొత్త కుటుంబం కావాలి. ఆకారం బట్టి చుట్టరికం కలపడం మనుషుల్లోనే నమ్మలేం. బొమ్మ చెప్పేది ఎక్కడ ఉంది, ఎలా ఉంది అన్న రెండే. ఎవరి సంతతి అన్నది డీఎన్ఏనే చెప్పాలి.

పక్కనే కూర్చుని తినేది

ఈహెచ్‌పిని థాయిలాండ్‌లో టైగర్ రొయ్యల్లో గుర్తించి 2009లో పేరు పెట్టారు. మన దేశంలో వనామీ సాగుకు అనుమతి వచ్చిందీ అదే ఏడాది. కొన్నేళ్లకు రెండూ ఇక్కడి గుంటల్లో కలుసుకున్నాయి.

పల్చటి ముక్కలో ఈహెచ్‌పి స్పోరు చూస్తే చాలామంది కొంచెంసేపు ఆగిపోతారు, అంత పొందికగా ఉంటుంది. బయట నల్లటి సన్నని పొర, దాని కింద కైటిన్‌తో చేసిన తెల్లటి మందమైన గోడ, ఆ కింద పొర. లోపల ఒకే కేంద్రకం. దాని చుట్టూ ఒక దారం చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అడ్డకోతలో ఈ చుట్టలు ఒక్కో వైపు ఐదు ఆరు చిన్న వలయాల వరుసగా కనిపిస్తాయి. ఇది పోలార్ ట్యూబ్. స్పోరు రొయ్య పొట్టలోకి చేరాక లోపలి ఒత్తిడి పెరిగి ఈ గొట్టం ఒక్కసారిగా బయటికి తిరగబడి పక్కనున్న కణంలోకి దిగుతుంది. స్పోరులోని సరుకంతా ఆ గొట్టంలోంచి కణద్రవ్యంలోకి పోతుంది. చాలా రకాల ఇన్‌ఫెక్షన్లలో కణం తనంతట తాను క్రిమిని బుడగలో మింగుతుంది, ఆ బుడగలోనే అరిగించే ప్రయత్నం చేస్తుంది. ఇక్కడ ఆ అవకాశమే లేదు. ఈహెచ్‌పి చుట్టూ బుడగ ఉండదు. కణద్రవ్యాన్ని తాకుతూ నేరుగా అందులోనే పెరుగుతుంది.

బొమ్మలో కనిపించేవాటితో పాటు కనపడనివీ చూడాలి. ఈ పరాన్నజీవిలో మడతల మైటోకాండ్రియా కనిపించదు. మైక్రోస్పోరిడియా జాతి మొత్తంలో అది కుంచించుకుపోయి శక్తి తయారు చేయని చిన్న అవశేషంగా మిగిలింది. ఈహెచ్‌పి కుటుంబంలో గ్లూకోజును విరిచి శక్తి తీసే మార్గం కూడా చెడిపోయిందని జన్యువులు చదివాక తెలిసింది. సొంతంగా ఏటీపీ (కణాలు శక్తి కోసం వాడుకునే అణువు) తయారు చేసుకునే దారి దాదాపు లేదు. తన పొరలో ప్రత్యేకమైన రవాణా ప్రోటీన్లు పెట్టుకుని రొయ్య కణం తయారు చేసిన ఏటీపీనే లాగుతుంది. అందుకే దానికి బతికున్న కణం కావాలి. కేంద్రకం పనిచేస్తూ, మైటోకాండ్రియా శక్తి చేస్తూ ఉన్నంతకాలమే దానికి తిండి. కణాన్ని తొందరగా చంపుకోవడం దానికే నష్టం.

రైతు చూసేదంతా ఇక్కడి నుంచి అర్థమవుతుంది. రొయ్య మేత తింటుంది, అరిగించుకుంటుంది కూడా. కానీ పీల్చుకున్న శక్తిలో వాటా పరాన్నజీవికి పోతుంది, ఆర్-కణాల్లో కొవ్వు బొట్లు తగ్గుతాయి, కుబుసం విడవడానికి కావాల్సిన నిల్వ పేరుకోదు, ఎదుగుదల ఆగుతుంది. స్పోర్లతో నిండిన కణం చివరికి గోడ నుంచి ఊడి గొట్టంలోకి పడుతుంది. అయితే మూసుకున్న చివర్లో ఈ-కణాలు కొత్త కణాలను పంపుతూనే ఉంటాయి. అందుకే రొయ్య చావదు. ఎన్ని గొట్టాలకు ఎంత ముందుగా సోకిందన్న దాన్ని బట్టి ఒక్కో రొయ్య ఒక్కో సైజులో ఆగుతుంది. గుంటలో సైజు తేడాకు అర్థం అదే.

పురుగు కాని పురుగు

ఈహెచ్‌పి ఉన్న గుంటల్లో తరచుగా తెల్లటి మలం దారాలు నీటి మీద తేలుతాయి, రైతులు వైట్ గట్ అంటారు. అలాంటి రొయ్యల పేగులో ముక్క తీసి మామూలు మైక్రోస్కోపు కింద పెడితే పారదర్శకంగా, పొడుగ్గా, పురుగుల్లా ఉండేవి గుంపులుగా కనిపిస్తాయి. అచ్చం గ్రెగరిన్ అనే పరాన్నజీవుల్లా. చాలాచోట్ల అలాగే అనుకున్నారు, గ్రెగరిన్ పోవడానికని ఏవేవో మందులు మేతలో కలిపారు.

2014లో థాయిలాండ్ పరిశోధకులు వాటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశారు. లోపల కేంద్రకం లేదు. మైటోకాండ్రియా లేదు. రైబోజోములు లేవు. ఒక జీవికి ఉండాల్సినవి ఏవీ లేవు. ఉన్నది పొరలు మాత్రమే. వెనక్కి వెతుక్కుంటూ పోతే అవి హెపటోపాంక్రియాస్ కణాల అంచున ఉండే మైక్రోవిల్లై. అవి రూపం మారి, కణం నుంచి ఊడి, గొట్టంలో ఒకదానితో ఒకటి అతుక్కుని పురుగు ఆకారంలో తయారవుతున్నాయి. పురుగనుకున్నది రొయ్య సొంత శరీరమే. తిన్నది పీల్చుకునే ఉపరితలమే ఊడి మలంలో పోతోంది. మైక్రోవిల్లై ఇలా ఊడడానికి కారణాలు ఒకటి కన్నా ఎక్కువ ఉండొచ్చు. కానీ లేని పురుగుకు మందు వేయడం మాత్రం డబ్బు దండగే. కణ సూక్ష్మ నిర్మాణం తెలియడం వల్ల రొయ్యల సాగుకు కలిగిన అతి సూటి ప్రయోజనం బహుశా ఇదే.

అలాగని ఎలక్ట్రాన్ బొమ్మను వేదవాక్కుగా తీసుకోవాల్సిన పని లేదు. బ్యాక్టీరియాలో మీసోజోమ్ అనే ముడతల సంచి ఉందని ఏళ్ల తరబడి పాఠ్యపుస్తకాల్లో రాశారు. రసాయనాల్లో ముంచకుండా ఒక్కసారిగా గడ్డకట్టించి చూస్తే అది కనపడలేదు, ముందు వేసిన రసాయనమే పొరను ముడతలు పెట్టిందని తేలింది. గాల్జీ కథ దీనికి తిరగేసి నడిచింది. 1898లో కామిల్లో గాల్జీ వెండి రంగుతో చూపించిన నిర్మాణాన్ని యాభై ఏళ్ల పాటు రంగు వల్ల పుట్టిన భ్రమ అన్నవాళ్లున్నారు, 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అది నిజమేనని నిలబెట్టింది. రొయ్య విషయంలోనూ అంతే. గ్లుటరాల్డిహైడ్ కలిపిన ద్రావణం గాఢత రొయ్య రక్తానికి సరిపోకపోతే మైటోకాండ్రియా ఉబ్బుతుంది. దాన్ని జబ్బు లక్షణంగా రాసేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఈ బెడద తగ్గించడానికే నీటిని మంచు స్ఫటికాలు కాకుండా గాజులా గడ్డకట్టించి చూసే క్రయో పద్ధతి వచ్చింది, దానికి 2017లో నోబెల్ ఇచ్చారు. ముక్కను పైనుంచి వరుసగా చెక్కుతూ, చెక్కిన ప్రతిసారీ బొమ్మ తీస్తూ, మొత్తాన్ని కంప్యూటర్‌లో కూర్చే పద్ధతి కూడా ఉంది. మైక్రోస్పోరిడియా స్పోర్లలో చుట్టుకున్న గొట్టం మొత్తం అమరికను అలాగే మూడు కొలతల్లో కూర్చి చూశారు.

రోజువారీ పరీక్షకు ఈ పరికరం పనికిరాదు. ఒక నమూనా సిద్ధం కావడానికే రోజులు పడుతుంది, ఖర్చు ఎక్కువ, నడిపేవాళ్లు తక్కువ. పిల్ల కొనే ముందు, గుంటలో అనుమానం వచ్చినప్పుడు పీసీఆరే దారి. అయితే పీసీఆర్ డీఎన్ఏ ఉందని చెబుతుంది, అది కణంలో ఉందా, పేగులోంచి పోతున్న మేతలో ఉందా అన్నది చెప్పదు.

ఈహెచ్‌పికి మందు దొరకకపోవడానికి కారణం కూడా చిరునామాలోనే ఉంది. కణం లోపల ఉన్నప్పుడు దాన్ని చంపాలంటే మందు రొయ్య కణ పొర దాటి, కణానికి హాని చేయకుండా, దాని ఏటీపీ మీదే బతికే జీవిని వేరు చేసి కొట్టాలి. బయట స్పోరుగా ఉన్నప్పుడు కైటిన్ గోడ అడ్డం, మామూలు మోతాదు క్లోరిన్‌ను కూడా అది తట్టుకోగలదు. మిగిలింది పంటకూ పంటకూ మధ్య గుంట ఎండినప్పటి సమయం. ఎండిన మట్టిని పది పన్నెండు సెంటీమీటర్ల లోతు దున్ని, హెక్టారుకు ఆరు టన్నులు, అంటే ఎకరానికి దాదాపు రెండున్నర టన్నుల కాల్చిన సున్నం కలిపి, తడిపి, మట్టి పీహెచ్ 12కి చేరేలా చేసి వారం రోజులు ఎండబెట్టాలని నిపుణుల సిఫార్సు. ఆ క్షారం స్పోరు గోడను దాటి పనిచేస్తుంది. చవకగా దొరికే వ్యవసాయ సున్నం ఎంత చల్లినా పీహెచ్ తొమ్మిది దాటడం కష్టం. కాబట్టి రెండింటి బస్తాలూ ఒకేలా ఉన్నా, కొనేటప్పుడు ఏది ఏదో అడిగి, చల్లాక పీహెచ్ కొలిచి చూసుకోవాలి.